రాయికి మొక్కిన వేటకుక్క

కొమ్ముబూర మోగేటప్పటికి వెన్నన కొండచరియ మీద తాడుకు వేలాడుతూ తేనెపట్టుకు పొగ పెడుతున్నాడు. బూర ఒకసారి మోగి ఊరుకోలేదు. మళ్లీ మోగింది, ఈసారి దగ్గరగా. దాని వెనకే వేటకుక్కల అరుపు. వెన్నన తాడు పట్టుకుని సర్రున కిందికి జారాడు. అరచేతుల తోలు ఊడుతున్నా లెక్క చెయ్యలేదు. ఆ బూర ఎవరిదో మధుశిల రాజ్యంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దండనాయకుడు కృతాంతవర్మది. అది ఏ తోట పక్కన మోగితే, ఆ తోటకు నాలుగు రోజుల్లో యజమాని మారిపోతాడు.

ఎట్లా మారతాడో ముందు చెప్పాలి. చెప్పకపోతే తర్వాత అంత నెత్తురు ఎందుకు పారిందో మీకు తెలియదు.

ఆ రాజ్యంలో పొలిమేర శాసనం అని ఒకటుంది. ఎవరి భూమికి వాళ్లే రాజు. పిలవకుండా ఆయుధం పట్టుకుని గట్టు దాటినవాణ్ణి, వాడు ఎంతటివాడైనా సరే, భూమిగలవాడు నరికేయవచ్చు. అడిగేవాడు లేడు. అందుకని ప్రతి భూమికీ దారి మొదట్లో ఒక రాయి నిలబెడతారు. లోపలికి వచ్చేవాడు, బయటికి పోయేవాడు, ఆ ఇంట్లో పుట్టినవాడైనా సరే, వంగి ఆ రాయికి నుదురు తాకించి మరీ దాటాలి. తప్పటడుగులు వేసే పిల్లవాడికి అక్కడి వాళ్లు మొట్టమొదట నేర్పేది అదే. అన్నప్రాశన నాటి మెతుకులు మరిచిపోతారేమోగాని రాయికి మొక్కడం మరిచిపోరు.

కుక్కకు మాత్రం ఈ శాసనం లేదు. మృగం వెంట పరుగెత్తే కుక్కకు గట్టేం తెలుస్తుంది పాపం అని వెనకటి పెద్దలు దాన్ని వదిలేశారు. మంచి మనసుతోనే వదిలేశారు. కృతాంతవర్మ వంటివాడు ఒకడు పుడతాడని వాళ్లు కలగన్నారా ఏమిటి?

వాడు ముందు ఒక దుప్పిని తనకు కావలసిన తోటలోకి తోలిస్తాడు. దాని వెనక కుక్కల్ని వదులుతాడు. తాను మాత్రం గట్టు బయటే గుర్రం మీద మర్యాదగా నిలబడతాడు. కుక్కలు లోపలికి పోయి, దుప్పిని వదిలేసి, యజమానిని చీల్చేస్తాయి. అయ్యో, వేటలో ఎంత ఘోరం జరిగిపోయిందని దండనాయకుడు కళ్లొత్తుకుంటాడు. వారసుడు లేని భూమి పక్కభూమి వాడికి చెందుతుందని కూడా శాసనంలోనే ఉంది. ఆ పక్కభూమి వాడు ఎవరో నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వాడి కన్ను తేనెతోపు మీద పడింది. పడదా మరి? మూడు వైపులా ఎర్రని కొండ, కొండ కడుపున తలకిందులుగా వేలాడే తేనెపట్లు, ఆ పట్ల కింద ఏడాది పొడుగునా ఎండని ఊట. వెలగచెట్లు, ఇప్పచెట్లు, నల్లమద్దులు కొమ్మలు కలిపి పందిరి వేస్తే, ఆ పందిరి కింద అడవిమొల్లలు తెల్లగా రాలి దారి కనిపించకుండా పరుచుకునేవి. గాలి వీస్తే తేనె వాసన, ఆగితే పూల వాసన. రాజుగారి అంతఃపురానికి పోయే తేనె ఇక్కడిదే. వెన్నన తాత అడవి నరికి, పాములతో పోట్లాడి దీన్ని తోపు చేశాడు. ఆయన నిలబెట్టిన రాయి దారి మొదట్లో ఇంకా ఉంది. నుదుళ్లు తాకి తాకి దాని నెత్తి నున్నబడింది.

వెన్ననకు అన్న ఒకడున్నాడు, కాచన. పోయిన నెల "నీ కుక్కల్ని కట్టేసుకో" అని కృతాంతవర్మ ముఖాన చెప్పి వస్తానని కోటకు వెళ్లాడు. వెళ్లినవాడు రాలేదు. అప్పుడే తిరిగి వెళ్లిపోయాడని కోట కాపలావాళ్లు చెప్పారు. వెన్నన అడవంతా గాలించాడు, వాగులన్నీ వెతికాడు, చెప్పు కూడా దొరకలేదు. కాచన భార్య బయ్యమ్మ మాత్రం బొట్టు చెరపలేదు. "శవాన్ని చూపించండి, అప్పుడు ఏడుస్తా. అప్పటిదాకా ఆయన ఊరికి పోయాడంతే. వచ్చేసరికి ఆయన తోపు ఆయనకుండాల" అంది. వెన్ననకు కూడా అంతకుమించి కోరిక లేదు. అన్న తిరిగి రావాలి, ఆ రాయికి నుదురు తాకించి లోపలికి రావాలి.

వెన్నన కాళ్లు నేలకు తగిలేసరికి బయ్యమ్మ మచ్చుకత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె రెండో చేతిలో రోకలి.

"అడవితులసి పూసుకున్నావా?" అంది.

"పొద్దున్నే పూసుకున్నా వదినా." తేనె తీసేవాళ్లు ఆ ఆకు రసం ఒంటికి రాసుకోనిదే చెట్టెక్కరు. ఆ వాసనకు తేనెటీగ దగ్గరికి రాదు.

"నేనూ పూసుకున్నాలే. పద" అని మచ్చుకత్తి అతని చేతికిచ్చింది.

దుప్పి పొదలు చీల్చుకుంటూ వచ్చి, వాళ్లిద్దరి మధ్య నుంచే దూసుకుపోయి కొండ సందులో మాయమైంది. దారి మొదట్లో రాయికి అవతల కృతాంతవర్మ గుర్రం ఆపాడు. తలపాగాకు నెమలికంఠం రంగు పట్టు, చెవులకు పులిగోరు పోగులు, మెడలో పచ్చల హారం, నడుముకు బంగారు పిడి కత్తి. ఇంత సింగారంలోనూ మెడకు నల్లతాడు కట్టుకుని దానికి ఒక ఎముక ఈల వేలాడదీసుకున్నాడు. వాడి వెనక బల్లేల వాళ్లు, పక్కన కొరడా పట్టుకుని కుక్కల కాపరి బూచడు.

"ఏం వెన్నా, ఈ ఏడు తేనె బాగా పడుతోందా?" అన్నాడు కృతాంతవర్మ.

"పడుతోంది దొరా. నీ కుక్కల్ని వెనక్కి పిలుచుకో."

"పిలిస్తే వింటాయటయ్యా? వేట మీదున్నాయి. నోరులేని జీవాలు, నీ గట్టేదో నా గట్టేదో వాటికేం తెలుసు? నన్ను చూడు, గుర్రాన్ని ఒక్క అడుగు ముందుకు వెయ్యనిచ్చానా? శాసనమంటే నాకంత భయం."

అని ఈల నోట్లో పెట్టుకున్నాడు.

కుక్కలు రాయికి అటూ ఇటూ వరదలాగా దూకాయి. ఒక్కటి కూడా దుప్పి పోయిన వైపు తల తిప్పలేదు. అన్నీ తిన్నగా వెన్నన మీదికే వచ్చాయి.

మొదటిది గాలిలో ఉండగానే వెన్నన మచ్చుకత్తి దాని కడుపు కిందుగా పోయింది. పేగులు అతని మోకాళ్ల మీద పడ్డాయి. రెండోది తొడ కరిచి పట్టుకుంది. కత్తి పిడితో దాని కన్ను లోపలికి దిగగొట్టాడు. అయినా వదలలేదు. నోరు తెరిచేదాకా దవడ మీద కొట్టి కొట్టి, కాలితో తన్ని పారేశాడు. పక్కన బయ్యమ్మ రోకలి లేచి పడుతోంది. నల్లటి జాగిలం ఒకటి ఆమె పైట పట్టి లాగింది. ఆమె పైట వదిలేసి, దాని నెత్తిన రోకలి దింపింది. ఎండుకొబ్బరి పగిలిన చప్పుడైంది. అది పొదలోకి దొర్లి మళ్లీ లేవలేదు. ఊట నీళ్లు ఎర్రబడ్డాయి, రాలిన అడవిమొల్లలు కాళ్ల కింద నెత్తురు బురదయ్యాయి.

అప్పుడే అందరికన్నా వెనకబడిన చారల కుక్క ఒకటి రాయి దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. తల వంచి, నుదురు రాయికి తాకించి, అప్పుడు దాటింది.

బయ్యమ్మ చూసింది. రోకలి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"మరిదీ, ఆ కుక్క రాయికి మొక్కింది."

"ఏందొదినా?"

"రాయికి మొక్కింది. నా కళ్లతో చూశా."

వెన్నన ఆ మాట విన్నాడు గాని, విన్నదాన్ని బుర్రకెక్కించుకోవడానికి వ్యవధి లేదు. పసుపుపచ్చ జాగిలం ఒకటి గొంతుకు ఎగిరింది. మచ్చుకత్తి అడ్డంగా విసిరాడు. దెబ్బ మెడ మీద పడి, కండతోపాటు మెడకున్న తోలు పట్టెడ కూడా తెగింది. పట్టెడ ఊడి నేల మీద పడగానే కుక్క ఒళ్లు గిలగిలా కొట్టుకుంది. బొచ్చు రాలింది, కాళ్లు సాగాయి, మూతి లోపలికి పోయింది. వెన్నన కాళ్ల దగ్గర నెత్తురు కక్కుతూ పడి ఉన్నది ఒక మనిషి. ముసలివాడు. వాగు అవతల తమలపాకు తోట సింగన.

వర్షాకాలంలో మాయమైనవాడు. అతని తోటలో ఇప్పుడు కృతాంతవర్మ మనుషులు ఆకు కోసుకుంటున్నారు.

"సింగన మామా" అని వెన్నన వంగి ఆ మెడ గాయాన్ని అరచేత్తో అదిమిపట్టాడు. తన చేతి కత్తితో ఎవరిని నరికాడో అప్పుడు తెలిసింది. మిగిలిన కుక్కలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొన్ని మూలిగాయి. వాటి కళ్లలో నీళ్లు తిరగడం వెన్నన చూశాడు.

"నీ తప్పు లేదులే అబ్బాయ్" అన్నాడు సింగన. మాటకొక నెత్తుటి బుడగ వస్తోంది. "ధూమకేశుడు చేశాడు. పట్టెడ వేశాడంటే మనిషి కుక్క అయిపోతాడు. తెలివంతా ఉంటది. ఈల విన్నామంటే ఒళ్లు మాత్రం మన మాట వినదు."

"మా అన్న ఏడి మామా?"

"మొక్కినోడే మీ అన్న. పట్టెడ మాత్రం కొయ్యమాక. కోస్తే నాలాగా చస్తాడు. బిగించిన చెయ్యే విప్పాల." సింగన ఇంకా ఏదో చెప్పబోయాడు, అతని మెడ వాలిపోయింది.

ధూమకేశుడంటే కరాళగుహలో హోమగుండం పెట్టుకుని కూర్చున్న మాంత్రికుడు. ఆ గుహ గడపలో మనిషి కాలు పెడితే బూడిదైపోతాడని అందరికీ తెలుసు. కుక్కలు మాత్రం పోతాయి, వస్తాయి. ఎందుకు పోతాయో, ఏం చేసి వస్తాయో ఇన్నాళ్లూ ఎవరికీ అర్థం కాలేదు. కుక్క గట్టు దాటితే తప్పు లేదు గనక, కృతాంతవర్మ మనుషుల్నే కుక్కల్ని చేశాడు. ఒకడి భూమి లాక్కోవడానికి ఇంకొక భూమిగలవాణ్ణే పంపాడు. వాడి తెలివి తగలెయ్య.

రాయి అవతల ఈల మోగింది. ఆగిన కుక్కలు కొరడాతో కొట్టినట్టు ఉలిక్కిపడి మళ్లీ దూకాయి. అన్నిటికన్నా ముందు చారల కుక్క.

వెన్నన కత్తి ఎత్తలేకపోయాడు. "అన్నా, నేను" అని రెండు చేతులూ చాపాడు. కుక్క అతన్ని వెల్లకిలా పడగొట్టి రొమ్మెక్కింది. పళ్లు గొంతు మీద పడ్డాయి. పడి, అక్కడే ఆగాయి. దవడలు వణుకుతున్నాయి, చొంగ వెన్నన మెడ మీద కారుతోంది, కళ్లు మాత్రం తమ్ముడి కళ్లలోకే చూస్తున్నాయి. ఈల గట్టిగా మోగింది. పళ్లు తోలు లోపలికి కాస్త దిగాయి. ఇంకా గట్టిగా మోగింది. ఇంకాస్త దిగాయి. వెన్నన గొంతు మీద వెచ్చగా నెత్తురు పాకింది. అన్న తనను కొరకకుండా ఉండడానికి ఎంత పెనుగులాడుతున్నాడో ఆ వణుకులోనే తెలిసింది. అతనికి ఏడుపొచ్చింది.

బయ్యమ్మ నడుముకు పిట్టల్ని తోలే ఒడిసెల ఎప్పుడూ ఉంటుంది. రాయి పెట్టి రెండు తిప్పులు తిప్పి కొండకేసి వదిలింది. గంగాళమంత తేనెపట్టు నడిమికి తెగి బండల మీద పడింది.

తేనెటీగలు నల్లని పొగలాగా లేచాయి. అడవితులసి పూసుకున్న ఇద్దరినీ వదిలేసి మిగిలిన ప్రాణులన్నిటి మీదా పడ్డాయి. కుక్కలు కేకలు పెడుతూ నీళ్లలోకి, పొదల్లోకి, గట్టు బయటికి పరుగెత్తాయి. చారల కుక్క కూడా వెన్నన మీద నుంచి లేచి రాయి వైపు పారిపోయింది. అంత మంటలోనూ వెళ్తూ వెళ్తూ మళ్లీ రాయికి నుదురు తాకించి మరీ దాటింది. అలవాటు అటువంటిది. బూచడు కంబళి కప్పుకుని దాని మెడకు తాడు బిగించాడు.

కృతాంతవర్మ గుర్రం ముక్కులోకి తేనెటీగలు దూరాయి. అది వెనక కాళ్ల మీద లేచి, సకిలించి, ఎటుపోతున్నదీ తెలియక ముందుకే దూకింది. ఒక్క దూకులో రాయి దాటింది, రెండో దూకులో యజమానిని కింద పారేసింది. పట్టు తలపాగా ఊడి నెత్తురు బురదలో పడింది. ఒక కాలు రికాబులోనే ఇరుక్కుపోయింది.

వెన్నన వచ్చి వాడి రొమ్ము మీద కాలు పెట్టాడు. "శాసనమంటే భయమన్నావు కదా దొరా. ఎక్కడ పడ్డావో చూసుకో."

కృతాంతవర్మ తల తిప్పి చూశాడు. రాయి తన వెనక ఉంది. కత్తి తన నడుముకే ఉంది. వాడి ముఖంలో నవ్వు పోవడం వెన్నన మొదటిసారి చూశాడు.

"నన్ను నరికితే మీ అన్న చచ్చేదాకా నాలుగు కాళ్ల మీదే నడుస్తాడు" అన్నాడు. "పట్టెడ బిగించింది నేను కాదు, ధూమకేశుడు."

"అయితే వాణ్ణి ఇక్కడికి పిలిపించు."

"అట్లాగే, పిలిపిస్తా" అని మెల్లగా అంటూనే కృతాంతవర్మ కుడిచేత్తో ఈల నోటి దాకా తెచ్చాడు.

మచ్చుకత్తి దిగింది. ఈల పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే మణికట్టు దగ్గర తెగి, నల్లతాడుతో సహా బురదలో పడింది. కృతాంతవర్మ పెట్టిన కేకకు కొండ మారుపలికింది. ఆ కేకకు గుర్రం మళ్లీ బెదిరి వెనక్కి తిరిగి పరుగెత్తింది. రికాబులో కాలు ఇరుక్కున్న యజమాని రాళ్ల మీద, ముళ్ల మీద దాని వెంట ఈడ్చుకుపోయాడు. వెన్నన రెండో దెబ్బ నేల మీద పడింది. బల్లేల వాళ్లు గట్టు బయట గుర్రాన్ని పట్టుకుని ఆపేసరికి దండనాయకుడి వీపు మీద తోలు లేదు.

వాళ్లలో ఒక్కడు కూడా గట్టు దాటలేదు. వెన్నన కూడా దాటలేదు. కత్తి పట్టుకుని అవతల అడుగుపెడితే అది కృతాంతవర్మ భూమి. అప్పుడు శాసనం అటు తిరుగుతుంది.

తెగిన చేతికి గుడ్డ చుట్టించుకుంటూ కృతాంతవర్మ పళ్లు నూరాడు. "వెన్నా, నా చెయ్యి తీశావు. పొద్దు గుంకేలోపు మీ అన్న ధూమకేశుడి గుండంలో మాడి మసవుతాడు, రాసి పెట్టుకో. బూచా, చారలదాన్ని తీసుకుపో. మిగిలినవాటిని ఏరుకుని, ఒక్కొక్కదాన్నే ఈ రాయి దగ్గర నిలబెట్టి చూడు. ఏది మొక్కితే అది కూడా గుండంలోకే. మనిషితనం చావని కుక్క నాకొద్దు."

బల్లేల వాళ్లు వాణ్ణి డోలీలో వేసుకుని బాట వెంట కోటకు మోసుకుపోయారు. బూచడు ఒక్కడే మిగిలాడు. చారల కుక్కను చెట్టుకు కట్టేసి, తేనెటీగలు సద్దుమణిగేదాకా గట్టు బయట చెట్టు చాటున కూర్చున్నాడు.

తోపు లోపల బయ్యమ్మ పొదలోకి వంగి, తాను రోకలితో కొట్టిన నల్ల జాగిలం మెడ నుంచి పట్టెడ విప్పింది. ప్రాణం పోయినవాడి పట్టెడ ఎవరు తీసినా వచ్చింది. పొదలో ఒక యువకుడు బయటపడ్డాడు. ఎవరో, ఏ ఊరివాడో. పెళ్లినాటి పసుపుదారం చేతికి ఇంకా ఉంది. బయ్యమ్మ కాసేపు ఆ చేతినే చూసింది.

"నేనే కొట్టా" అంది. తర్వాత చెంగుతో అతని ముఖం కప్పింది. "వీడి కోసం తర్వాత ఏడుస్తా. పొద్దు నడినెత్తిన ఉంది. ఏం చేద్దాం చెప్పు."

"ఆ పట్టెడ నాకు బిగించొదినా" అన్నాడు వెన్నన.

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"గుహలోకి మనిషి పోలేడు. కుక్క పోతుంది. నువ్వు బిగిస్తే నువ్వే విప్పగలవు. ధూమకేశుడి మాయ నా మీద ఉండదు. ఈలేమో మన దగ్గరే ఉంది."

"వాడి దగ్గర ఇంకో ఈల ఉంటే?"

"ఉంటే అప్పుడు చూద్దాం."

"మీ అన్న పట్టెడ వాడి చెయ్యే గదా విప్పాల్సింది. వాడు ఊరికే విప్పుతాడా?"

బయ్యమ్మ బురదలో పడి ఉన్న కృతాంతవర్మ చేతికేసి చూసింది. వేళ్లు ఇంకా ఈల చుట్టూ బిగిసే ఉన్నాయి.

"చెయ్యి చాలు గదా మరిదీ. తక్కిన మనిషితో మనకేం పని?" అంది. "కుక్క నోట్లో పళ్లుంటాయి. కొరికి పట్టుకురా. నేను తేనెబుట్ట నెత్తిన పెట్టుకుని గుహ బయట ఉంటా. ఆ చేతి వేళ్లు పట్టుకుని నేను విప్పుకుంటా మా ఆయన పట్టెడ."

ఆమె పట్టెడ తీసి అతని మెడకు చుట్టింది. మొగుణ్ణి ఎవరో కుక్కను చేశారు, మరిదిని తానే చేస్తోంది. "జాగ్రత్త నాయనా" అంది. అంతకుముందెప్పుడూ ఆమె అతన్ని నాయనా అనలేదు.

పట్టెడ కొలికి బిగిసింది. వెన్నన వెన్ను విరిగినట్టయింది. గోళ్లు నేలలోకి దిగాయి. నోరు ముందుకు పొడుచుకొచ్చి, అందులో మాటలు ఒక్కటొక్కటే చచ్చిపోయాయి. వాసనలు మాత్రం ఒక్కసారిగా మీద పడ్డాయి. సింగన మామ నెత్తురు, చిట్లిన తేనెపట్టు, వదిన కన్నీళ్లు, గట్టు అవతల అన్న. పట్టెడతోపాటు చచ్చినదాని రూపం, ఒంటివాసన కూడా వచ్చాయి. బయ్యమ్మ ముందు నల్లని జాగిలం నిలబడి ఉంది.

తేనెటీగలు కొండకు చేరుకున్నాక బూచడు చెట్టు చాటు నుంచి లేచాడు. గట్టు బయట నిలబడి మాంసం ముక్కలు చూపిస్తూ కుక్కల్ని పిలిచాడు. పొదల్లోంచి, నీళ్లలోంచి వాచిన ముఖాలతో అవి ఒక్కొక్కటే వచ్చాయి. పట్టెడలు విప్పే చెయ్యి వాళ్ల వైపే ఉంటే పారిపోయి ఎక్కడికి పోతాయి? బూచడు ఒక్కొక్కదాన్నే రాయి దగ్గర ఆపి, కొరడా పైకెత్తి చూస్తున్నాడు. చారల కుక్క ఏం చేసినందుకు దాని మెడకు తాడు పడిందో అన్నీ చూశాయి. అన్నీ తలలు బిగబట్టుకుని దాటాయి. ఒక బూడిదరంగు ముసలి జాగిలం మాత్రం రాయి దగ్గరికి రాగానే మెడ కాస్త వంచింది. వెంటనే తెలివి తెచ్చుకుని ఎత్తుకుంది. బూచడికి ఆ కాస్త చాలింది. పక్కన ఆన్చిన బల్లెం తీసి దాని పక్కటెముకల మధ్య దించి, గుండం దాకా మోసే శ్రమ తప్పిందని నవ్వుకున్నాడు.

తర్వాత నల్ల జాగిలం వంతు.

"ఏరా నల్లోడా, చచ్చావనుకున్నానే" అన్నాడు బూచడు. కొరడా కిందపెట్టి నెత్తురు బల్లెమే పట్టుకున్నాడు. "రా, నువ్వూ రా. నీ నెత్తి ఎటు వంగుతుందో చూద్దాం."

వెన్నన రాయి ముందు నిలబడ్డాడు. తాత నిలబెట్టిన రాయి. చిన్నప్పుడు తండ్రి వీపు మీద చెయ్యి వేసి వంచి, నుదురు తాకించిన రాయి. మెడ దానంతటదే వంగబోతోంది. నరాలు తెగిపోయేటట్టు నిలబెట్టాడు. బూచడు ఇంకా చూస్తూనే ఉన్నాడు, బల్లెం దించలేదు. మెడ బిగబట్టుకోవడం కూడా మనిషి చేసే పనే. ఇందాక దాటినవన్నీ అదే చేశాయి. బూచడి కళ్లు ఇప్పుడు ఆ బిగువునే పట్టుకున్నాయి.

అసలైన కుక్క రాయి కనిపిస్తే ఏం చేస్తుంది?

వెన్ననకు తెలుసు. చచ్చిపోవాలనిపించింది. రాయి పక్కకు తిరిగి, నున్నబడిన ఆ నెత్తి మీదికి కాలెత్తాడు.

తోపు లోపల బయ్యమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

బూచడు పగలబడి నవ్వాడు. "ఇది కుక్కంటే. తతిమ్మావన్నీ దండగ" అని బల్లెం దించాడు. మెడ పట్టుకుని లాక్కుపోయి, చెట్టుకున్న తాడుకే, చారల కుక్క పక్కనే కట్టేశాడు.

కాచనకు తెలివంతా ఉంది. తాత రాయి మీద కాలెత్తిన కుక్కను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. అది తన తమ్ముడని అతనికి చెప్పేవాళ్లెవరు? బొచ్చు నిక్కబొడుచుకుంది. గొంతులో గురగుర మొదలైంది.

అన్నా అందామని వెన్నన నోరు తెరిచాడు. మొరుగు వచ్చింది.

చారల కుక్క ఎగిరి అతని గొంతు అందుకుంది. ఇందాక ఈల ఎంత మోగినా వణికి వణికి ఆగిన పళ్లు అవే. ఇప్పుడు ఈల వేసేవాళ్లెవరూ లేరు. పళ్లు ఆగలేదు.